‘ఎస్తేరు’ అన్యదేవత పేరా? పాపకు ‘హదస్సా’ అని మార్చాలా?

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. ఊరు, పేరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి అవసరమైనంత వరకే ఇక్కడ చెబుతున్నాం.

ఆవిడకు నాలుగు నెలల పాప. అత్తమామలు ఉద్యోగాల మీద ఊళ్లు తిరుగుతుంటే భర్తను పెంచి పెద్దచేసింది ఆయన నాయనమ్మ ఎస్తేరమ్మగారు. ఎనభై దాటిన ఆవిడ ఇప్పుడు వీళ్ల దగ్గరే ఉంటున్నారు. ఆడపిల్ల పుడితే నాయనమ్మ పేరే పెట్టాలన్నది పెళ్లినాటి నుంచీ అనుకున్న మాట. ఆసుపత్రి వాళ్లు జననం నమోదు చేయించారు గానీ, పేరు రాయాల్సిన చోటు ఖాళీగానే ఉంది.

ఇంతలో వేరే క్రైస్తవ సహవాసానికి వెళ్లే మరిది కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. ఎస్తేరు అంటే బబులోను దేవత ఇష్తారు అట. ఈస్టర్ అన్న మాట కూడా అందులోంచే వచ్చిందట. బైబిలులోని ఎస్తేరు రాణికి దేవుని ప్రజలు పెట్టిన అసలు పేరు హదస్సా కాబట్టి పిల్లలకు ఆ పేరే పెట్టాలట. అత్తగారు భయపడిపోయారు. ఆ వీడియోను ఎవరో నాయనమ్మకూ వినిపించారు. “ఇన్నేళ్లూ నేను మోసింది దయ్యం పేరా?” అని ఒక్క మాట అడిగి, ఆ రోజు నుంచి ఆవిడ పాప పేరు ఊసెత్తడం లేదు. భర్త రెండు పేర్లూ కలిపి పెడదామంటున్నారు. డల్లాస్‌లో ఉన్న అక్క మాత్రం “హదస్సా అంటే ఇక్కడ ఎవరి నోరూ తిరగదు, రెండు పేర్లయితే పాస్‌పోర్టులో చిక్కు” అంటోంది. వచ్చే నెల చర్చిలో పాపను దేవునికి సమర్పించే ప్రతిష్ఠ. “ఇందులో నిజమెంత? పేరుకున్న అర్థం పిల్ల బతుకు మీద పడుతుందా? ఎవరి మాట వింటే ఎవరు బాధపడతారో తెలియక నిద్ర పట్టడం లేదు” అన్నది ఆవిడ ప్రశ్న.

సమాధానం:

అమ్మా, మీ ఇంట్లో ఇప్పుడు మూడు వేర్వేరు విషయాలు ఒకే గొడవగా నడుస్తున్నాయి. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఒకటి. పెద్దావిడ మనసు నొచ్చుకోవడం రెండోది. కాగితం మీద ఏం రాయించాలి అన్నది మూడోది. మొదటిదానికి జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది, మూడోదానికి చట్టంలో దొరుకుతుంది. రెండోదానికి మీరిద్దరూ ఆవిడ మంచం పక్కన కూర్చోవాలి. ముందు పేరు సంగతి చూద్దాం. అది తేలితే మిగతా రెండూ సగం తేలికవుతాయి.

బైబిలు ఆమెను రెండు పేర్లతో పరిచయం చేసేది ఒకే ఒక్క చోట, ఎస్తేరు గ్రంథం 2వ అధ్యాయం 7వ వచనంలో. తల్లీతండ్రీ లేని ఆ పిల్లను పినతండ్రి కొడుకైన మొర్దెకై పెంచుకున్నాడని, ఆమె పేరు హదస్సా అని, ఆమే ఎస్తేరు అని అక్కడ ఉంది. ఆ తర్వాత హదస్సా అన్న పేరు మళ్లీ ఎక్కడా రాదు. పది అధ్యాయాల పొడవునా యాభైకి పైగా సార్లు వచ్చేది ఎస్తేరు అన్న పేరే. కాబట్టి “అసలు పేరు ఇది, అపవిత్రమైన పేరు అది” అన్న విభజన వీడియో చేసినవాళ్లు పెట్టుకున్నదే. గ్రంథం రాసినవారికి ఆ పట్టింపు ఉన్నట్టు ఒక్క వాక్యంలో కూడా కనిపించదు.

ఎస్తేరు అన్న పేరు హీబ్రూలో పుట్టింది కాదన్నది మాత్రం చాలామంది పండితులు ఒప్పుకునే మాట. కథ జరిగే చోటు పారసీక రాజధాని శూషను. ఇప్పటి ఇరాన్ నైరుతి మూలన ఉన్న షూష్ పట్టణం దగ్గర దాని శిథిలాలున్నాయి. రాజు అహష్వేరోషును క్రీ.పూ. 486 నుంచి 465 దాకా ఏలిన క్సెర్క్‌సెస్‌గా సాధారణంగా గుర్తిస్తారు. హిందూదేశం మొదలుకొని కూషు వరకు 127 సంస్థానాలు అని మొదటి వచనంలోనే చదువుతాం కదా, అంత పెద్ద సామ్రాజ్యంలో యూదులకు బయటి పేర్లు ఉండటం మామూలే. ఈ పేరు ఎక్కడిది అన్నదానికి గట్టిగా నిలిచే వివరణలు రెండున్నాయి.

మొదటిది పారసీక భాష నుంచి. ఆ భాషలో ‘స్తార’ అంటే నక్షత్రం. ఇప్పటికీ ఇరాన్‌లో చుక్కను ‘సెతారె’ అంటారు. హిందీలో, ఉర్దూలో మనం వినే ‘సితారా’ అదే మాట. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘తార’ కూడా ఆ కుదురులోదే. మన దగ్గర ఆడపిల్లలకు సితార అనీ తార అనీ పెట్టుకుంటున్నాం. ఈ వివరణ ప్రకారం ఎస్తేరు వాటికి దూరపు చుట్టం.

రెండోది మీ మరిది చెప్పిన ఇష్తారు. దీన్ని ఉట్టి పుకారు అని కొట్టిపారేయను, అలా అంటే మీకు అబద్ధం చెప్పినట్టే. అష్షూరు ఉచ్చారణలో ‘ష’ అన్నది ‘స’కు దగ్గరగా పలికేది కాబట్టి, ఆ దేవత పేరు యూదుల చెవికి ఎస్తేరు లాగా వినబడటానికి వీలుంది. మొర్దెకై పేరు బబులోను దేవుడు మర్దూకు పేరుతో ముడిపడి ఉండటం ఈ వాదానికి బలం. పెర్సెపొలిస్‌లో దొరికిన పారసీకుల మట్టి పలకల మీద ‘మర్దూక’ అనే పేరు గల ఉద్యోగులు కనిపిస్తారు, అంటే అప్పట్లో అది జనం పెట్టుకునే మామూలు పేరే. అయితే దీనికి ఎదురు చెప్పే విషయం ఒకటి హీబ్రూ లిపిలోనే ఉంది. ఇష్తారుకు సమానంగా చెప్పే, బైబిలు ఖండించే దేవత అష్తారోతు పేరు ఐన్, షిన్ అక్షరాలతో మొదలవుతుంది. ఎస్తేరు మొదలయ్యేది ఆలెఫ్, సామెఖ్ అక్షరాలతో. హీబ్రూ బైబిలులో ఈ రెంటినీ ఎక్కడా ఒకేలా రాయలేదు. ఇప్పటికి పండితులు ఈ రెండు వివరణల్లో ఒకదాన్నే తేల్చి చెప్పలేదు. వీడియోలో “అంటే ఇదే” అని గట్టిగా చెప్పినదాంట్లో ఆ గట్టిదనం ఒక్కటే తప్పు.

ఈస్టర్ ముచ్చట మాత్రం పూర్తిగా పొరపాటు. అది ఇంగ్లీషు మాట. క్రీ.శ. 725 ప్రాంతంలో బీడ్ అనే ఇంగ్లీషు సన్యాసి, ఏప్రిల్ నెలకు తమ పూర్వీకులు ‘ఎయోస్త్రె’ అనే తమ దేవత పేరు పెట్టుకున్నారని, పండుగ పేరు అందులోంచి వచ్చిందని రాశాడు. దానికీ బబులోనుకూ సంబంధం లేదు. గ్రీకులో, లాటిన్‌లో, యూరప్‌లోని చాలా భాషల్లో ఆ పండుగను పస్కాకు సంబంధించిన పేరుతోనే పిలుస్తారు. మన సంఘాల్లో పునరుత్థాన పండుగ అంటాం. ఈస్టర్, ఎస్తేరు చెవికి ఒకేలా తగలడం తప్ప వాటి మధ్య చుట్టరికం లేదు.

ఇక మీరు భక్తిగా అడిగే ప్రశ్న ఇది: ఒకవేళ మరిది మాటే నిజమై, ఆ పేరు ఇష్తారు నుంచే వచ్చి ఉంటే? దీనికి బైబిలులోనే జవాబుంది. దానియేలుకు బెల్తెషాజరు అని, ఆయన స్నేహితులకు షద్రకు, మేషాకు, అబేద్నెగో అని బబులోనువాళ్లు పెట్టినవి తమ దేవుళ్ల ఛాయ ఉన్న పేర్లే. మన సండేస్కూలు పిల్లలు ఆ ముగ్గురిని గుర్తుపెట్టుకునేది ఆ పేర్లతోనే. యోసేపుకు ఐగుప్తులో ఫరో పేరు పెట్టాడు. కొత్త నిబంధనకు వస్తే, రోమా పత్రిక 16వ అధ్యాయం మొదట్లో పౌలు ఎంతో గౌరవంగా పరిచయం చేసే ఫీబే పేరు గ్రీకుల చంద్రదేవతకు వాడిన పేరు. అపొల్లో పేరు అపోలో దేవుడిది. ఫిలిప్పీ పత్రికలోని ఎపఫ్రొదితు పేరులో ఆఫ్రొదితె దేవత కూర్చుని ఉంది. వీళ్లలో ఒక్కరినీ పౌలు “ముందు పేరు మార్చుకో” అనలేదు. ఎస్తేరు గ్రంథంలోనే వచ్చే నీసాను, అదారు, టెబేతు బబులోను నెలల పేర్లు. యూదులు నేటికీ తమ పండుగలను ఆ నెలల ప్రకారమే లెక్కిస్తారు. అందులో తమ్మూజు అనే నెల పేరు, యెహెజ్కేలు గ్రంథంలో స్త్రీలు కూర్చుని ఏడ్చిన దేవుడిదే.

ఇంకో సంగతి మీ మరిదికి తప్పకుండా చెప్పండి. ఇలా వేరు తవ్వి పేర్లు తీసేస్తూ పోతే హదస్సా కూడా మిగలదు. హదస్సా అంటే ‘హదస్’ అనే చెట్టు. గ్రీకులు అదే చెట్టును ఆఫ్రొదితెకు ప్రీతిపాత్రమని పూజల్లో వాడేవారు. అందుకని చెట్టు అపవిత్రం అయిపోలేదు కదా. యూదులు దాన్ని తమ పండుగలో దేవుని సన్నిధికే తీసుకెళ్లారు.

ఆ చెట్టు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే హదస్సా పేరు నిజంగా అందమైనది. భయంతో కాకుండా ఇష్టంతో పెట్టుకునేవాళ్లకు అది మంచి పేరు. ఇంగ్లీషులో మిర్టిల్ అనే ఈ పొద మధ్యధరా సముద్రం చుట్టూ పెరుగుతుంది. ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఆకు చిన్నది, దళసరిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని చుక్కలు కనిపిస్తాయి, అవి నూనె తిత్తులు. నలిపితే ఘాటైన సువాసన. తెల్లటి పువ్వుకు అయిదు రేకులు, మధ్యలో కుచ్చులా కేసరాలు. మన జామ, నేరేడు, లవంగం ఈ కుటుంబంలోవే. పెరట్లో జామాకును ఎండకు అడ్డంగా పట్టి చూస్తే అవే చుక్కలు మీకూ కనిపిస్తాయి. తెలుగు బైబిలులో గొంజిచెట్టు అని ఉన్నది ఈ చెట్టునే: జెకర్యా దర్శనంలో లోయలోని గొంజిచెట్లు, యెషయా 55వ అధ్యాయంలో దురదగొండికి బదులు ఎదిగే గొంజివృక్షాలు. మన అడవుల్లో గొంజి అని పిలిచే పొద మాత్రం వేరు, అది నిమ్మ కుటుంబానికి చెందింది.

పర్ణశాలల పండుగలో యూదులు నాలుగు రకాలు చేతపడతారు: ఒక ఖర్జూరపు మట్ట, ఒక దబ్బపండు జాతి కాయ, రెండు నిరవంజి కొమ్మలు, మూడు హదస్ కొమ్మలు. ఆ హదస్ కొమ్మను ఎంచేటప్పుడు ఒక్కో కణుపు దగ్గర మూడు ఆకులు ఒకే ఎత్తులో పుట్టాయా లేదా అని జాగ్రత్తగా చూసి మరీ కొంటారు. పట్టింపు ఎక్కువున్నవాళ్లు ఒక ఆకు కాస్త కింద పుట్టినా పక్కన పెట్టేస్తారు.

ఈ రెండు పేర్ల గొడవ మీ ఇంట్లోనే మొదలైంది అనుకోకండి. యూదుల ధర్మచర్చల గ్రంథమైన బబులోను తల్మూదులో మెగిల్లా అనే భాగంలో రబ్బీలు, అంటే యూదు బోధకులు, సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నారు. రబ్బీ మెయీరు అంటాడు, ఆమె పేరు ఎస్తేరే, నీతిమంతులను హదస్ చెట్లతో పోలుస్తారు కాబట్టి హదస్సా అన్నారని. రబ్బీ యెహూదా అంటాడు, ఆమె పేరు హదస్సాయే, తన సంగతి దాచుకుంది కాబట్టి ఎస్తేరు అన్నారని. హీబ్రూలో ‘దాచు’ అన్న ధాతువు ఈ పేరుకు దగ్గరగా వినిపిస్తుంది. రబ్బీ నెహెమ్యా అంటాడు, ఆమె హదస్సాయే, అన్యజనులు ఆమె అందం చూసి ‘ఇస్తహరు’ అని పిలిచారని. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రషీ దానికి చంద్రుడు అని అర్థం చెప్పాడు. చూశారా, అన్యజనులు ఆకాశజ్యోతి పేరుతో పిలిచారు అన్న మాటను వాళ్లు దాచిపెట్టలేదు, దానికి వణికిపోనూ లేదు. ఆమె పేరుతో ఉన్న గ్రంథపు చుట్టను ప్రతి ఏటా అదారు నెల 14న పూరీము పండుగకు సమాజమందిరంలో మొదటి నుంచి చివరి దాకా చదువుతూనే ఉన్నారు.

‘దాచు’ అన్న వివరణ మన ప్రసంగాల్లోనూ తరచూ వినబడుతుంది. హీబ్రూ ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరు ఎక్కడా రాదు కాబట్టి, ఆయన తెర వెనుక ఉన్నాడని చెప్పడానికి అది చక్కగా కుదురుతుంది. ధ్యానానికి మంచిదే. పేరు పుట్టుకగా మాత్రం దాన్ని ఎవరికీ చెప్పకండి, అది తర్వాతివారు అల్లిన భాష్యం.

పేరు అర్థం పిల్ల బతుకు మీద పడుతుందా అని అడిగారు. యబ్బేజు తల్లి వేదనతో కన్నానని ఆ పేరు పెట్టింది. 1 దినవృత్తాంతములు 4వ అధ్యాయం ప్రకారం అతడు తన అన్నదమ్ములకంటే ఘనుడయ్యాడు. నయోమి ఊరివాళ్లతో నన్ను నయోమి అనకండి, మారా అనండి, చేదు నా బతుకు అంది. ఆ తర్వాత కూడా గ్రంథం ఆమెను నయోమి అనే పిలిచింది, చివరికి మనవడిని ఒళ్లో పెట్టింది. ఎదురు ఉదాహరణ కూడా ఉంది, అది దాచడం న్యాయం కాదు: రాహేలు చనిపోతూ బిడ్డకు బెనోని, అంటే దుఃఖపుత్రుడు అని పేరు పెడితే, యాకోబు దాన్ని బెన్యామీనుగా మార్చాడు. అంటే తల్లిదండ్రులు మంచిదనుకుంటే పేరు మార్చడంలో తప్పు లేదు. మార్చకపోతే శాపం తగులుతుంది అన్నది మాత్రం బైబిలులో లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఎస్తేరు ఒక్కటే పెడితే: ఇచ్చిన మాట నిలబడుతుంది. పెద్దావిడకు ఇంకే ఓదార్పూ అక్కర్లేదు. పేరు చిన్నది, తెలుగు దేశంలోనూ డల్లాస్‌లోనూ అందరూ విన్నదే. చిక్కల్లా మీ అత్తగారికి వస్తుంది. తన అత్తగారి పేరు పెట్టి పసిదాన్ని “ఒసే ఎస్తేరూ” అని పిలవడానికి ఆవిడకు నోరు రాదు. పెద్దల పేర్లు పెట్టుకున్న ప్రతి తెలుగింట్లోనూ ఇది ఉన్నదే, అందుకే బుజ్జి, చిన్ని, చిట్టి పుట్టుకొచ్చాయి. ఆవిడ భయంలో ఈ ఇబ్బంది వాటా ఎంతో అడిగి చూడండి. సగం అదే అయితే ఒక ముద్దుపేరుతో తీరిపోతుంది. బతికున్నవారి పేరు పెట్టవచ్చా అని ఎవరైనా అంటే, తూర్పు యూరప్ యూదులు పెట్టరు, స్పెయిన్ నుంచి, అరబ్బు దేశాల నుంచి వచ్చిన యూదులు తాతానాయనమ్మలు ఉండగానే సంతోషంగా పెడతారు. అది ఆచారమే గానీ ఆజ్ఞ కాదు.

హదస్సా ఒక్కటే పెడితే: పేరు అరుదుగా ఉంటుంది, మరిది ఊరుకుంటాడు. మొర్దెకై పెంచుకున్నాడని చెప్పే వచనంలోనే వచ్చే పేరు కాబట్టి కథలో పెంపకం, ఆప్యాయత అటువైపే ఉన్నాయి. కానీ ఇప్పుడు, ఈ వీడియో తర్వాత పెడితే, ఇంట్లో అందరికీ అర్థమయ్యేది ఒక్కటే: వీడియో చెప్పింది మీరు ఒప్పుకున్నారని. మీ సంఘంలో ఉన్న మిగతా ఎస్తేరులు కూడా అలాగే అనుకుంటారు. నాయనమ్మ పైకి ఏమీ అనకపోవచ్చు. ఆ పేరు మీ ఇద్దరికీ నిజంగా నచ్చి ఉంటేనే ఈ దారి పట్టండి. పట్టేముందు కారణం ఆవిడకు మీ నోటితోనే చెప్పండి, మరొకరి ద్వారా తెలియనివ్వకండి.

రెండూ కలిపి పెడితే ఏది ముందన్నదే అసలు సంగతి. బడి హాజరుపట్టీలో, ఆసుపత్రిలో, అమెరికాలో అయితే ప్రతి కౌంటరు దగ్గరా పిలిచేది ముందున్న పేరే. రెండోది మధ్యపేరుగా మారి క్రమంగా కాగితాల్లో పొడి అక్షరమై మిగులుతుంది. ‘హదస్సా ఎస్తేరు’ అయితే పాప హదస్సా అవుతుంది, నాయనమ్మ పేరు లోపల ఉంటుంది. ‘ఎస్తేరు హదస్సా’ అయితే దానికి తిరగేసి. గ్రంథంలో ఉన్న వరుసే కావాలంటే హదస్సా ముందు. యూదుల్లోనూ ఈ రెండు పేర్లూ జంటగా పెట్టుకునేవారున్నారు కాబట్టి వింతగా ఉండదు. మీ అక్క చెప్పిన పాస్‌పోర్టు చిక్కు రెండు పేర్ల వల్ల రాదు. ఒక కాగితంలో రెండూ విడిగా, ఇంకోదాంట్లో కలిపేసి, మూడోదాంట్లో ఒకటి ఎగిరిపోతే వస్తుంది. ఇంటిపేరును పొడి అక్షరంగా వదిలేయడం అంతకంటే పెద్ద చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ముందుపేరు తెలియదు అన్న ముద్ర పడి, పిల్ల పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోతుంది. జనన ధ్రువపత్రంలోనే ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

కాగితం మీద ఒకటి, ఇంట్లో ఒకటి అన్నది నాలుగో దారి. ధ్రువపత్రంలో ఎస్తేరు, పిలుపుకు హదస్సా, లేదంటే అటుదిటు. మన ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు, బైబిలు ఎస్తేరుకూ రెండు పేర్లున్నాయి. మరిదికి పిలుచుకోవడానికి ఒక పేరు దొరుకుతుంది, మీకు వాదన తప్పుతుంది. అయితే బడిలో చేర్చే నాటికి పాప రాతలో ఉన్న పేరుకు పలకాలి కదా, ఆ పేరును కూడా ఇంట్లో అప్పుడప్పుడూ వాడుతూ ఉండాలి.

నా మొగ్గు ఎటో దాచను. ఎస్తేరు ముందుండే దారుల వైపే, ఒంటరిగానైనా జంటగానైనా. పేరు పుట్టుక మీద అభ్యంతరం నిలవదు, ఒక మనిషి నొచ్చుకున్నది మాత్రం కళ్లెదుట ఉంది. కానీ పిల్ల మీది, నిర్ణయం మీ ఇద్దరిది.

ఏ దారైనా ముందు నాయనమ్మ దగ్గరికి వెళ్లండి. మీ భర్త వెళ్లాలి, మీరు పక్కన ఉండాలి. ఆవిడ బైబిలే తీసి 2వ అధ్యాయం 7వ వచనం చదివించండి, లేదా చదివి వినిపించండి. ఆ గ్రంథం పేరేమిటో ఆవిడనే చెప్పమనండి. ఫీబే, అపొల్లో సంగతి చెప్పండి. నక్షత్రం అన్న అర్థమూ చెప్పండి, ఇష్తారు అన్న వాదమూ ఉందని దాచకుండా చెప్పండి. రేపు మరొకరి నోట వింటే మళ్లీ గాయపడతారు. ఆ తర్వాత “పాపకు ఏ పేరు పెడితే మీకు ఇష్టం” అని అడిగి ఆగండి. ఆవిడే హదస్సా అంటే అప్పుడు ఆ పేరుకు అడ్డేమీ లేదు.

మరిదితో గ్రూపులో వాదించకండి. అక్కడ పదిమంది చూస్తుంటారు కాబట్టి ఎవరూ వెనక్కి తగ్గరు. అతడి ఉద్దేశం పిల్లకు కీడు తలపెట్టడం కాదు, కాపాడాలన్నదే. ఇంటికి పిలిచి, అతడు చెప్పిన రెండో వివరణకు ఆధారం ఉందని మొదట ఒప్పుకోండి, తర్వాత దానియేలు నుంచి ఎపఫ్రొదితు దాకా చూపించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, “నీ మనస్సాక్షి నీది, పిలుచుకోవడానికి హదస్సా అను” అనండి. నాయనమ్మతో ఒకసారి మాట్లాడి రమ్మని మాత్రం గట్టిగా అడగండి, అది అతడి బాధ్యత. ప్రతిష్ఠ చేసే పాస్టరుగారికి కూడా ముందే చెప్పి ఉంచితే, ఆ రోజు వేదిక మీద ఎవరో పేరు గురించి మాట తూలే అవకాశం ఉండదు.

ఇక గడువులు. ప్రతిష్ఠ రోజుకూ ధ్రువపత్రానికీ ముడిపెట్టుకోకండి. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం పేరు లేకుండా జననం నమోదైతే 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంటుంది. పాపకు నాలుగు నెలలే కాబట్టి మీకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. అలాగని ఏళ్లు సాగదీయకండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం, ఆధార్, పాస్‌పోర్టు, ఓటు, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటికీ ఈ ధ్రువపత్రమే పుట్టినరోజుకూ పుట్టినచోటుకూ ఆధారం. ఒకసారి పేరు ఎక్కాక అక్షరదోషం సరిచేయడానికి 15వ సెక్షన్ ఉంది గానీ, మనసు మారి పేరే మార్చడం దాని కిందికి తేలిగ్గా రాదు. ఆధార్‌లో పేరు సవరణకు జీవితకాలంలో రెండే అవకాశాలు. అందుకే క్రమం ఇలా ఉండాలి: ఇంట్లో మాట తేలడం, జనన ధ్రువపత్రం, ఆ తర్వాతే బాల ఆధార్, చివర పాస్‌పోర్టు.

రాయించేటప్పుడు తప్పులు ఎక్కడ వస్తాయో కూడా చెబుతాను. ఇంగ్లీషులో ఎస్తేరుకు ఆరు అక్షరాలు: ఈ, ఎస్, టీ, హెచ్, ఈ, ఆర్. మన ‘త’ను టీహెచ్‌తో రాయడం అలవాటే కాబట్టి ఇక్కడ అది సరిగ్గానే పలుకుతుంది, అమెరికాలో ఎస్టర్ అంటారు. చివర తెలుగు ఉకారం చూసి గుమస్తా ‘యూ’ చేర్చకుండా చూసుకోండి, రూతు, రాహేలు పేర్లకూ ఇదే జరుగుతుంటుంది. హదస్సాకు ఎనిమిది: హెచ్, ఏ, డీ, ఏ, ఎస్, ఎస్, ఏ, హెచ్. ఇందులో తరచూ పోయేవి రెండో ఎస్, చివరి హెచ్. అదనంగా వచ్చి చేరేది డీ తర్వాత హెచ్. తెలుగు గడిలో ‘ఎస్తేరు’ అని త ఒత్తుతో రాయించండి, ‘ఎస్థేరు’ అని థ ఒత్తు పడకుండా చూడండి. ఫారం మీద గొలుసురాతతో కాక విడివిడి పెద్ద అక్షరాలతో మీరే నింపి, కంప్యూటర్‌లో ఎక్కించాక తెర మీద ఒకసారి మీ కళ్లతో చదివి, అప్పుడు ఖరారు చేయమనండి.